తగ్గిన నాలుగు కిలోలు

నలభై ఆరు.

ఈ ఏడే కొత్తగా వచ్చిన నర్సు సుగుణ తూకం ముల్లును మళ్లీ చూసింది. మారలేదు. రిజిస్టర్‌లో మాత్రం పోయినేడు, అంటే పంతొమ్మిది వందల తొంభైలో, సీతాబాయి బరువు యాభై కిలోలు.

తిరుమలగిరి పక్క తండాలో ఆ పొద్దు కొలతలకు వచ్చిన మొదటి మనిషి ఆమే. ఏ వయసులో, ఎలాంటి ఇంట్లో, ఆడవాళ్లకెంత, మగవాళ్లకెంత కొవ్వు ఉందో తేల్చే సర్వే అది. నిన్న కోదాడ షావుకార్ల ఇళ్లలో నలభై దాటిన ఆడవాళ్ల జబ్బలు కొవ్వు కొలిచే పటకారుకు అందలేదు. అదే వయసు సీతాబాయి జబ్బను పట్టుకుంటే ఉత్త చర్మమే వచ్చింది. పోయినేటి కొలతతో పోలుద్దామంటే ఆ గడి ఖాళీ. పాత నర్సు బద్ధకానికి సుగుణకు ఒళ్లు మండింది.

పైగా ముంజేయి ఎండకు నల్లబడి ఉంటే, జబ్బ మాత్రం తెల్లగా పాలిపోయి ఉంది. అది చూడగానే సుగుణకు పాత కేసు ఒకటి గుర్తొచ్చింది. వేములపల్లిలో ఇలాగే చిక్కిపోయిన దుర్గమ్మను, పని ఎక్కువై ఉంటుందిలే అని వదిలేసింది. టీబీ అని తేలేసరికి మనిషే లేదు. ఈమెను కూడా అలా పోనిస్తే ఇక తనకు నిద్ర పట్టదు.

"దగ్గు ఉన్నదా?"

"లేదమ్మా."

"కడుపు నిండ తింటున్నవా?"

"ఎప్పటి లెక్కనే తింటున్న."

"మరి నాలుగు కిలోలు ఎటు పోయినయ్? ఇయ్యాలనే సూర్యాపేట దవాఖానకు పోదాం. రిజిస్టర్ల మీ ఆయన పేరు ధర్మా అని ఉన్నది, పిలువు."

సీతాబాయి తల దించుకుంది.

"ఆయన రాడమ్మా."

"పెండ్లాం గిట్ల ఎండిపోతుంటే రాడా? ఏం మొగోడు!"

సీతాబాయి కళ్ల నిండా నీళ్లు తిరిగాయి.

గడపలో కూర్చున్న అత్త చాందీ లేచి లోపలికి వెళ్లింది. పాత గుడ్డమూట ఒకటి మోసుకొచ్చి, కోడలిని పక్కకు జరిపి, తూకం మీద పెట్టింది. ముల్లు కదిలి కదిలి సరిగ్గా నాలుగు దగ్గర ఆగింది.

"నా కొడుకు సచ్చిపోయిననాడు మా ఆచారం ప్రకారం దీని ఒంటి మీదికెల్లి తీసేసిన, జబ్బ నిండ ఉన్న గాజులు, కాళ్ల కడియాలమ్మా ఇవి," అంది చాందీ.