పంచదార డబ్బా మీద చీటీ

నోటుపుస్తకం పోయింది మంగళవారం నాడు. పొద్దున ఇల్కా మంచం పక్కనే ఉంది. క్లాసు నుంచి వచ్చేసరికి లేదు.

దుప్పటి దులిపింది. మంచం కింద చూసింది. చివరికి వంటింట్లోకి వెళ్లింది.

"దోన్యా బెనిల్దే, నా గదిలోకి ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారమ్మాయ్? ఈ ఇంట్లో ఉన్నది నువ్వూ నేనూ, గోడ మీద మా ఫెర్మీనూ. ఆయన పటంలోంచి దిగి రాడుగా!"

'దోన్యా' అని గౌరవంగా పిలిచినా, గది అద్దెకిచ్చిన ఆ ఇంటావిడ తల ఎత్తలేదు. బంగాళాదుంపల చెక్కు తీస్తూనే ఉంది.

ఇల్కా హంగేరీ నుంచి స్పెయిన్‌లోని సలమాంకాకు వచ్చి మూడు నెలలైంది. వచ్చే గురువారం స్పానిష్ పరీక్ష. అది తప్పితే ఉపకారవేతనం ఆగిపోతుంది, ఇంటికి తిరిగి వెళ్లాలి. పోయిన పుస్తకంలో ఆరువందల మాటలున్నాయి. ఒక్కో మాటా పెద్ద అక్షరాలతో రాసి, పక్కన చిన్న బొమ్మ వేసుకుంది. అదీ చాలక ఇంట్లో సామాన్లన్నిటికీ స్పానిష్ పేర్ల చీటీలు అంటించింది. అప్పట్లో బెనిల్దే నవ్వింది.

"నా నుదుటి మీదా ఒకటి అంటించు, ముసలిది అని."

బుధవారం కాఫీ ఉప్పగా ఉంది. ఇల్కా డబ్బా తిప్పి చూసింది. 'పంచదార' అనే ఉంది. పక్క డబ్బాలో వేలు పెట్టి నాలుకకు రాసుకుంది. తియ్యగా ఉంది. హాల్లో అద్దం మీద 'కిటికీ' అని ఉంది.

"ఈ చీటీలు ఎవరు మార్చారు?"

"దుమ్ము తుడుస్తుంటే ఊడాయిలే. మళ్లీ అంటించేశాను." బెనిల్దే ముఖం పక్కకు తిప్పుకుంది. "పేపరు తియ్యి, చదువు."

రోజూ పొద్దున అదొక పని. భర్త ఫెర్మీన్ పోయి ఏడాది కావస్తున్నా ఆవిడ పేపరు మానలేదు. చావు ప్రకటనల పేజీ ఇల్కా చేత పైకి చదివించేది. నీ నాలుక తిరగడానికే అనేది. తన కళ్లజోడు విరిగిందట. మూడు నెలలుగా విరిగే ఉంది. ఆ సాయంత్రం, కింద కుంపటి పెట్టిన బల్ల దగ్గర చలి కాచుకుంటూ కూర్చుని బెనిల్దే సూదిలోకి దారం ఎక్కించింది, ఒక్కసారికే.

ఒక అబద్ధం దొరికాక మిగతావి వెతకనక్కర్లేకపోయింది. ఇల్కా గదిలోంచి బయటికి రాగానే ఆవిడ ఏదో కుట్టుపెట్టెలో దాచి మూత వేసేది. ఆ పెట్టెకు ఇదివరకు లేని తాళం ఒకటి వచ్చింది.

"నువ్వు పరీక్ష తప్పాలనే ఇదంతా" అంది క్లాసులో పక్కన కూర్చునే తెయోదోరా.

"తప్పితే ఆవిడకేం వస్తుందే?"

"నీ పీడ వదులుతుంది. మొహం మీద పొమ్మని చెప్పలేకపోతోంది. మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. కిటికీ లేదనుకో. దొంగలు కూడా లేరు."

కోపం వస్తే ఇల్కాకు స్పానిష్ రాదు. అందుకే ఆదివారం ఉత్తరం రాసింది. మూడుసార్లు చింపి, నాలుగోసారి తప్పుల్లేకుండా రాసింది. 'దోన్యా బెనిల్దే గారికి, మీరు నన్ను బాగా చూసుకున్నారు. శుక్రవారం నేను వేరే ఇంటికి వెళ్లిపోతున్నాను. నా నోటుపుస్తకం తిరిగి ఇవ్వండి.' దాన్ని పళ్లగిన్నె కింద పెట్టింది.

సోమవారం పొద్దునకు గిన్నె కింద ఉత్తరం లేదు. బెనిల్దే ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనంలో ఇంకో గరిటె సూపు వడ్డించింది.

"తిను. పరీక్ష ముందు కడుపు మాడ్చుకుంటారా ఎవరైనా?"

బుధవారం దాకా చూసి ఇల్కాయే అడిగింది. "నా ఉత్తరం చూశారా?"

"చూశాను, చూశాను. నీ రాత ముత్యాల్లా ఉందమ్మాయ్."

అంతే. వెళ్లొద్దనీ లేదు, పొమ్మనీ లేదు. ఇంత రాతిగుండె మనిషిని ఇల్కా ఎక్కడా చూడలేదు.

గురువారం పరీక్షలో సగం మాటలు గుర్తొచ్చాయి, సగం రాలేదు.

శుక్రవారం సూట్‌కేసు సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. బెనిల్దే బజారుకు వెళ్లింది. ఆ రోజు కుట్టుపెట్టెకు తాళం వేసి లేదు. ఇల్కా మూత ఎత్తింది.

నోటుపుస్తకం అందులోనే ఉంది. వెనక ఖాళీ పేజీల్లో వణుకుతున్న పెన్సిల్ రాత. ఒక పేజీ నిండా 'తలుపు'. ఇంకో పేజీ నిండా 'పంచదార'. అన్నీ ఇల్కా అక్షరాలే. అక్షరం చివర తాను తిప్పే తోకతో సహా దించేసింది ఆవిడ.

నా రాత ఈవిడకెందుకు? ఏ కాగితం మీద నా పేరుతో ఏం రాయడానికి?

పుస్తకం అడుగున ఉత్తరం. మడతల దగ్గర నలిగిపోయి ఉంది.

వీధి తలుపు చప్పుడైంది.

"అమ్మాయ్, గుమ్మంలో ఈ సూట్‌కేసు ఏంటి? కాలు తగిలి పడేదాన్ని!" బెనిల్దే గొంతు వంటింటి వైపు సాగింది. "మంచి శనగలు దొరికాయి. ఇద్దరికీ సరిపడా నానబోస్తున్నా. రేపు మధ్యాహ్నం ఎక్కడికీ వెళ్లకు, వింటున్నావా?"

ఇల్కా ఉత్తరం వెలుగులోకి తిప్పింది. ఒక్కో అక్షరం కింద ఒక పెన్సిల్ చుక్క ఉంది. మొదటి వాక్యం చివర చుక్కలు ఆగిపోయాయి.

ఆవిడ కూడబలుక్కునే చదువు 'శుక్రవారం' దాకా ఇంకా రాలేదు.