మెత్తబడేదాకా

"వీటిల్లోకి కాలు ఎలా దూరుతుందమ్మా?" అంది డాక్టరమ్మ, బల్ల మీది హైహీల్స్ జతని పెన్నుతో అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"మొదట్లో దూరదండీ. పోనుపోనూ దూరుతుంది," అందామె.

ముందువైపు సూదిలా మొన తేలిన జత. మడమ నాలుగు వేళ్ల ఎత్తు. లోపల పాదానికి ఆసరా అంటూ ఏమీ లేదు, అట్టముక్కకి తోలు అంటించినట్టుంది. చూడ్డానికి మాత్రం ఎంత బావుందో!

ఆమె పాదాలు చూస్తే కళ్లు మూసుకోవాలనిపిస్తుంది. బొటనవేలు పక్కకి ఒరిగిపోయి రెండో వేలి మీదికెక్కింది. ఒరిగిన చోట ఎముక గోళీకాయంత పొడుచుకొచ్చింది. మడమల మీద పుండ్లు మాని, మళ్లీ రేగి, మళ్లీ మాని కాయలు కాశాయి.

"ఏం చేస్తుంటావ్?"

"ఒక గొప్పింటావిడ దగ్గర పనండీ."

"ఇంటిపనికి ఇవా!" డాక్టరమ్మకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తిట్టడమే మేలనుకుంది. "నేల తుడవడానిక్కూడా ఫ్యాషనేనా? చూడమ్మా, ఇంకో ఆరు నెలలు ఇలాంటివి తొడిగావంటే ఆ వేలు మళ్లీ తిన్నగా రాదు. ఆపరేషన్ చేసినా కర్ర పట్టుకునే నడవాలి. ఇవాళే మానెయ్."

"మానలేనండీ." తల దించుకుంది. మెల్లిగా అడిగింది. "ఈ వాపు వల్ల కాలి సైజు మారిపోతుందా అండీ?"

"మారక? ఇప్పటికే వెడల్పవుతోంది. ముందు ముందు ఇంకా అవుతుంది."

ఆమె మొహం పాలిపోయింది. కర్ర అంటే చలించని మనిషి సైజు అనేసరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. డాక్టరమ్మకి ఒళ్లు మండింది. మెత్తటి అడుగున్న చెప్పుల పేరేదో చీటీ మీద గీకి చేతిలో పెట్టి, తర్వాతి పేషెంటుని పిలిచింది.

డాక్టరమ్మని ఏం అనగలం! ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆ పనిమనిషి ఉండే అపార్టుమెంటులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ టకటకే. రెండో అంతస్తులో ఆమె నడుస్తుంటే కింది వాళ్ల నెత్తిన టకటకమని ఒకటే మోత. వంటింటి నుంచి హాలు దాకా పాత దుప్పటి పరిచినా ఆగేది కాదు. ఆ దుప్పటైనా కింది వాళ్ల మీద దయతో కాదు, చెప్పుల అడుగు మాయకూడదని. రోడ్డెక్కితే కాళ్లకి రబ్బరు చెప్పులు. హైహీల్స్‌ని గుడ్డసంచిలో పెట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచేది.

"చెప్పులు నిన్ను మొయ్యాలా, నువ్వు చెప్పుల్ని మొయ్యాలా?" అని కిందావిడ ఒకసారి మెట్ల దగ్గర ఆపి మరీ అడిగింది. అక్కడున్న నలుగురూ నవ్వారు. టకటక కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది!

ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు. కొడుకు పోయాక ముసలావిడకి మిగిలింది ఈ కోడలే. అద్దె, మందులు అన్నీ ఆ ఉద్యోగం మీదే నడుస్తున్నాయి. అందుకని అత్తగారు గట్టిగా తిట్టలేదు, తిట్టకుండా ఉండనూ లేదు.

"పదిహేను రోజులకో కొత్త జతేంటే? పాతవన్నీ ఏవి?"

"అక్కడే ఉంటాయత్తయ్యా. పనిచేసే చోట."

"డాక్టరు ఈ సోకులు మానమనలేదూ?"

టకటక సంచిలోంచి జత తీసి తొడుక్కుంది. గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. నడవడం అంటే నడవడం కాదు, ఒక్కో అడుగూ నేల నుంచి పీక్కుని వేసింది. వంటయ్యేలోపు ఆ చివరి నుంచి ఈ చివరికి నలభై సార్లు తిరిగింది. బుగ్గల మీద నీళ్లు కారుతున్నా ఆగలేదు.

"కూర్చోవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను," అంది అత్తగారు.

"ఇంకో నాలుగు రోజులత్తయ్యా. తోలు లొంగుతుంది. అప్పుడింక నొప్పుండదు."

ఆ నాలుగు రోజులూ ముసలావిడ చూడలేక మొహం గోడవైపు తిప్పుకుంది. సాయంత్రాలు మాత్రం గోరువెచ్చటి ఉప్పునీళ్లు బేసినులో తెచ్చి కోడలి కాళ్ల దగ్గర పెట్టేది. గొణుక్కుంటూనే పెట్టేది. నీళ్లు ఎర్రబడితే, కోడలు చూడకముందే గబగబా పారబోసేది.

ఐదో రోజు సాయంత్రం టకటక హాలు దాటి కిటికీ దాకా వెళ్లింది. వెనక్కి తిరిగి మళ్లీ నడిచింది. గోడ పట్టుకోలేదు. ఆ జత ఎక్కడా నొక్కట్లేదు, కరవట్లేదు. ఎన్నాళ్లకో ఆమె నిటారుగా నిలబడింది. ఎంత చక్కటి మనిషో అప్పుడు కనిపించింది.

ముసలావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నొప్పి లేదుటే?"

"లేదత్తయ్యా. అస్సలు లేదు."

"అయితే ఇవే ఉంచుకో. అరిగి చిరిగేదాకా ఇవే వేసుకో. మళ్లీ కొత్త జతలో కాలు పెట్టావంటే నా మీద ఒట్టే!"

టకటక వచ్చి పక్కన కూర్చుంది. అత్తగారి చేతిలో చెయ్యేసి, "అలాగే," అంది. ఆ కాసేపూ తనూ నమ్మింది.

మర్నాడు పొద్దున్నే ఆ జతని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సరిగ్గా తన సైజే ఉన్న యజమానురాలి పాదాల ముందు పెట్టి, "మెత్తబడ్డాయమ్మా, ఇంక మిమ్మల్ని కరవవు," అని చెప్పి, ఆవిడ చూపించిన కొత్త పెట్టె విప్పి అందులోని జతలోకి తన కాలు దూర్చింది.