దొర పథ్యం

"కూరలో ఉప్పు మర్చిపోయావా?"

"మర్చిపోలేదండీ. మానేశాను," అంది భార్య.

లిఫ్ట్ మెకానిక్ చెంచా కింద పెట్టి అత్తగారి వైపు చూశాడు. ఇంట్లో ఏ ఉపద్రవం వచ్చినా ముందు అటు చూడడం అతనికి అలవాటు. వారం రోజులుండి వెళ్తానని వచ్చిన ఆవిడ నెల తిరిగినా పెట్టె సర్దలేదు. వంటగదిలో డబ్బాలన్నిటికీ స్థానాలు మార్చేసి, ఇప్పుడు మనుషుల మీద పడ్డారు.

"దొర కోసం బాబూ," అన్నారావిడ చల్లగా.

దొర అంటే వాళ్ళ కుక్క. ఐదేళ్ళది. పిల్లలు లేని ఆ ఇంట్లో సోఫా దానిది, కిటికీ దానిది, అతని ప్రాణం కూడా దానిదే. మొన్న అది చెప్పుల స్టాండు వెనక నుంచి ఏదో ఆఫీసు కవరు లాగి నమిలింది. అతను విప్పకుండా అక్కడికి తోసేసిన కవరే. అత్తగారు దాన్ని కుక్క నోట్లోంచి ఊడబెరికి, కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసి, కూతుర్ని వంటగదిలోకి పిలిచారు. ఆ సాయంత్రమే దొరకు ఆయాసం వస్తోందని తల్లీకూతుళ్ళు తేల్చేశారు. సోఫా ఎక్కడం, దిగడం తప్ప వేరే పని లేని కుక్కకు ఆయాసం ఎలా వచ్చిందో అతనికి అంతుపట్టలేదు.

మర్నాడు ముగ్గురూ దొరను తీసుకుని అతని చిన్నప్పటి స్నేహితుడి దగ్గరికి వెళ్ళారు. స్నేహితుడు పశువుల డాక్టరు, స్నేహితుడి భార్య మనుషుల డాక్టరు. ఒకే ఇల్లు, ఎడమ తలుపు ఆయనది, కుడి తలుపు ఆవిడది. మన మెకానిక్ కుడి తలుపు వైపు తల కూడా తిప్పడు. నలభై ఏడేళ్ళలో తన కాళ్ళతో తాను ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునే మనిషి. సూది పేరెత్తితే చెమటలు పడతాయన్న సంగతి మాత్రం చెప్పుకోడు.

డాక్టరు దొర గుండె విని మొహం వేలాడేశాడు.

"గుండె బాగాలేదురా. మూడు నెలలు ఉప్పు, నూనె, తీపి బంద్. పొద్దున గంట, సాయంత్రం గంట నడక. మెట్లెక్కాలి. లేదంటే నేను హామీ ఇవ్వలేను."

"హుషారుగానే ఉంది కదరా?"

"ఇలాంటివి పైకి కనిపించవు."

 దారి పొడుగునా అతను దొరను ఒళ్ళోంచి దించలేదు.

అదంతా నిన్నటి మాట. ఇవాళ ఉప్పు లేని కూర ముందు కూర్చున్నాక మాత్రం ఒళ్ళు మండింది.

"పథ్యం దొరకైతే నా కూరేం పాపం చేసింది?"

"మనం కమ్మగా తింటుంటే అది చూస్తూ కూర్చోవాలా? మీకు మనసెలా ఒప్పుతుందండీ?"

"వాసన తగిలినా చాలు, దానికి ప్రాణం లాగుతుంది," అని అత్తగారు వంత పాడారు.

"అలాగే. రేపటి నుంచి నా పళ్ళెం కూడా నేల మీదే పెట్టండి. దానికి చిన్నతనంగా ఉండదు."

భార్య ఇంకో గరిటె కూర వడ్డించింది. అతను అదీ తిన్నాడు.

నడక అతని వాటాకే వచ్చింది. వాళ్ళది నాలుగో అంతస్తు. ఊళ్ళో సగం లిఫ్టులు బాగుచేసే మనిషి, సొంత బిల్డింగులో లిఫ్టు పక్కనుంచే రొప్పుతూ మెట్లెక్కడం చూసి వాచ్‌మన్ "రిపేరా సార్?" అని రోజూ అడిగేవాడు. రెండో అంతస్తు రాగానే దొర చతికిలబడేది. మిగతా రెండు అంతస్తులూ దాన్ని ఎత్తుకుని ఎక్కాలి. వ్యాయామం దొరది, మోత అతనిది.

అది చాలదన్నట్టు డాక్టరు ఇంకో మెలిక పెట్టాడు.

"ఇంట్లో వాళ్ళ రక్తం కూడా చూడాలిరా. కుక్కకు మీ నుంచి ఏమైనా అంటుతుందేమో."

"నా ఒక్కడి రక్తమేనా? వీళ్ళది?"

"ఆడవాళ్ళ నుంచి అంటదు."

అంత చదువుకున్న స్నేహితుడు చెబుతున్నాడు కదా అని నమ్మాడు. కుడి తలుపు వైపు నుంచి స్నేహితుడి భార్య సూదితో వచ్చింది. అతను దొర మొహం చూస్తూ, కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాచాడు.

ప్యాంట్లు వదులయ్యాయి. అత్తగారి చేతి వంట తింటే మనిషన్నవాడు కరిగిపోక ఏం చేస్తాడని పళ్ళు నూరుతూ బెల్టుకు కొత్త చిల్లు పొడుచుకున్నాడు. పనిలో ఎవరో మిఠాయి పెట్టె చాపితే చెయ్యి పెట్టె దాకా వెళ్ళి ఆగిపోయింది. దొర లేని సోఫా కళ్ళ ముందు కదిలి, వద్దని తల తిప్పుకున్నాడు.

మూడు నెలలు నిండాక ఎడమ తలుపు గదిలో డాక్టరు ఫైలు తిరగేసి నవ్వాడు.

"గండం గడిచిందిరా."

లిఫ్ట్ మెకానిక్ నేల మీద కూలబడి దొరను కావలించుకుని ఏడ్చేశాడు. భార్య కూడా ఏడ్చింది. కుక్కను వదిలేసి అతని వీపు నిమురుతూ ఏడ్చింది.

"ఇంక నేను పెట్టె సర్దుకుంటానమ్మా," అన్నారు అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

"తొందరేముంది, ఉండండి అత్తయ్యా."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే అతనికే నమ్మబుద్ధి కాలేదు. సంతోషం అలాంటిది మరి.

"ఆ ఫైలు ఇటివ్వరా. నా దొర ఎంత గండం దాటిందో నేనూ చూస్తాను."

"నీకర్థం కాదులే..."

డాక్టరు వెనక్కి లాక్కునేలోపే అతను ఫైలు అందుకున్నాడు. భార్య పైకప్పు వైపు చూసింది. అత్తగారికి ఉన్నట్టుండి కళ్ళజోడు మీద దుమ్ము కనిపించింది. మొదటి కాగితం అంచు నిండా కుక్క పంటిగాట్లు. పైన అతని ఆఫీసు ముద్ర, ఆరోగ్య పరీక్ష రిపోర్టు అన్న అక్షరాలు.

వయసు గడిలో నలభై ఏడు అని ఉంది.