అయిదో చిట్కా

“పడుకోని పిల్లని మేం పెట్టుకోలేమమ్మా. ఒక్కరు మేలుకుంటే పదిమందీ లేచి కూర్చుంటారు. రెండు వారాలు చూస్తాం. ఆపైన మీ ఇష్టం.”

డే కేర్ నడిపే పెద్దక్క మొదటిరోజే ఈ మాట నవ్వుతూ చెప్పింది. ఎదురుగా కూర్చున్న తల్లికి మాత్రం గుండెల్లో రాయి పడింది.

ఆమెకి ఒక్కతే కూతురు. మూడేళ్లు. ఒక్కచోట కాలు నిలవదని ఇంట్లో పిచ్చుక అని పిలుచుకుంటారు. పుట్టిన దగ్గర్నుంచి పగటినిద్ర అంటే ఏమిటో ఎరగదు. చీమ చిటుక్కుమంటే చాలు, లేచి కూర్చునే రకం. తండ్రిది ఓడ మీద ఉద్యోగం, ఆరు నెలలకోసారి కనబడతాడు. తల్లి ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. ఇంకొక్క సెలవు అడిగినా వేరే పని వెతుక్కోమని మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. పిచ్చుక నిద్రపోవాలి. లేకపోతే పూట గడవదు.

నాలుగోరోజు సాయంత్రం పెద్దక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది.

“మీ పిచ్చుక పడుకుందమ్మా! లేపితేగానీ లేవలేదు.”

తల్లికి కళ్లనీళ్లు తిరిగాయి. “ఏం మంత్రం వేశారక్కా? నాక్కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.”

పెద్దక్క ఏమీ బెట్టు చేయలేదు. వేళ్లు మడుస్తూ నాలుగు చిట్కాలు చెప్పింది. తల్లి సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి అక్కడికక్కడే ఒక చీటీ మీద రాసుకుంది. కర్టెన్లు లాగి గది మసక చేయాలి. గోరువెచ్చని పాలు పిల్ల సొంత కప్పులోనే ఇవ్వాలి. పాట మార్చకూడదు, రోజూ అదే జోల. వీపు మీద మెల్లగా జోకొట్టాలి.

“ఇంకోమాట,” అంది పెద్దక్క. “ఈ వయసులో అక్షరాలు, అంకెలు అని పిల్లల ప్రాణం తియ్యకండి. మా దగ్గర అవేం నేర్పం. ఆడుకోవాలి, పాలు తాగాలి, పడుకోవాలి. అంతే.”

ఎంత మంచి మాట అనుకుంది తల్లి.

వాళ్ల వాటా రెండో అంతస్తులో. ఆ సాయంత్రం పిచ్చుక మెట్టు మెట్టుకీ ఆగుతూ గుసగుసగా లెక్కపెట్టింది. “ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. చాలు.” అక్కడ నిలబడిపోయి ఎత్తుకోమని చేతులు చాచింది. తల్లి మురిసిపోయింది. ఎవరూ నేర్పకుండానే నేర్చేసుకుంటోంది, నా తల్లి!

రెండో వారానికి లెక్క ఏడు దాకా వచ్చింది. నెల తిరిగేసరికి తొమ్మిది.

“పది కూడా అనవే బంగారం,” అని మెట్ల మీద ఎదురైన పక్కింటి మామ్మగారు ఎంత బతిమాలినా పిల్ల ససేమిరా అంది.

“తొమ్మిదే. చాలు.”

మామ్మగారు దాని బుగ్గ తడిమి, “ఈ మధ్య మరీ నెమ్మదైపోయిందమ్మాయ్. పిచ్చుక అన్న పేరు తీసేసి ఇంకేదైనా పెట్టాలి,” అని నవ్వింది. తల్లి కూడా నవ్వింది. మిగతా మెట్లు ఎక్కుతుంటే భుజం మీద పిల్ల తల బరువుగా వాలిపోయింది.

ఆదివారాలు మాత్రం నరకం. పొద్దున్నే పిల్లకి చిరాకు మొదలయ్యేది. అన్నం ముట్టదు. కప్పు పట్టుకుంటే వేళ్లు వణుకుతాయి. మధ్యాహ్నం తల్లి చీటీ ముందు పెట్టుకుని నాలుగు చిట్కాలూ పొల్లు పోకుండా చేసేది. కర్టెన్, పాలు, జోల, జోకొట్టడం. పిల్ల కళ్లు పత్తికాయల్లా తెరుచుకుని పైకప్పుని చూస్తూ ఉండేది.

ఫోన్ చేస్తే పెద్దక్క ఓపిగ్గానే మాట్లాడింది. “తల్లి కంగారు పిల్లకి అంటుకుంటుందమ్మా. మీరు నెమ్మదిగా ఉండండి, అదే పడుకుంటుంది.”

అంటే తప్పు తనదే. ఆ మాట ఆమెని వారమంతా తొలిచేసింది. కడుపున పుట్టిన పిల్లని నిద్రపుచ్చుకోలేని తల్లి కూడా ఒక తల్లేనా?

ఇవాళ మళ్లీ ఆదివారం. జోల మూడోసారి పాడి, గొంతు ఎండిపోయి, ఎర్ర పెన్ను ఒళ్లో పెట్టుకుని చీటీ మళ్లీ చేతిలోకి తీసుకుంది. ప్రూఫులు దిద్దేటప్పుడు ఒక్కోసారి ఆమెకి ఇలాగే ఉంటుంది. ఎక్కడా తప్పు కనిపించదు, అయినా ఒక వాక్యం ఎగిరిపోయిందని లోపల ఏదో గుచ్చుతుంది. మూలప్రతి తెచ్చి పక్కన పెట్టుకుంటే తప్ప అది దొరకదు. ఈ నాలుగు లైన్లని ఎన్నిసార్లు చదివినా ఇప్పుడు అదే గుచ్చుడు.

“అమ్మకి చేతకావట్లేదే పిచ్చుకా,” అంది ఏడుపు గొంతుతో.

పిల్ల లేచి కూర్చుంది. “నువ్వు తప్పు చేస్తున్నావ్. పెద్దక్క అలా చెయ్యదు.”

“మరి ఎలా చేస్తుందో చూపించవే.”

పిచ్చుక హుషారుగా మంచం దిగింది. గుడ్డబొమ్మని తెచ్చి చాప మీద పడుకోబెట్టింది. లేచి కర్టెన్ ఇంకాస్త లాగింది. తన కప్పుని బొమ్మ తల దగ్గర పెట్టింది. అంతా చీటీలో ఉన్నట్టే చేస్తోంది. తల్లికి నవ్వొచ్చింది, నెలన్నరగా మోస్తున్న బరువు కొంచెం దిగినట్టనిపించింది.

కానీ పిచ్చుక జోల మొదలుపెట్టలేదు, తల్లి ఒళ్లోంచి ఎర్ర పెన్ను తీసుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వైపు ఒకసారి చూసి, పెన్నుని పాలకప్పు మీద మందుసీసాలా జాగ్రత్తగా వంచి, చుక్క చుక్కకీ ఆగుతూ గుసగుసగా లెక్కపెట్టింది, “ఒకటి, రెండు, మూడు...” అంటూ పదకొండు దాకా.