తాళం వేసిన ఇంట్లో చప్పుడు

కరెంటు పోగానే దీవిలోని ఫెరార్‌గంజ్‌లో ఆ వీధంతా చీకటయింది. చిన్నమ్మికి పక్కింట్లోంచి ఆ చప్పుడు మళ్లీ వినిపించింది. ఎవరో గిన్నె అడుగు గీకుతున్నారు. ఆ ఇంటి యుగంధర్, అతని భార్య తాళం వేసుకుని సముద్రం దాటి మెయిన్‌లాండ్ వెళ్లి వారం దాటింది.

"అది దయ్యం, దీదీ. కిటికీ బంద్ చేసి పడుకో," అన్నాడు ఎదురింటి చలపతి, గుమ్మం దిగకుండానే.

"గిన్నె గీక్కుతినే దయ్యాన్ని నువ్వెక్కడ చూశావురా? రోజూ వింటూనే కడుపునిండా తిని పడుకున్నారే, సిగ్గులేదూ! ముందు పోలీసులకి ఫోన్ చెయ్."

ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో పచ్చడి బండ పట్టుకుని ఆమె ఆ ఇంటి వెనక్కి నడిచింది. వంటింటి కిటికీకి లోపలినుంచి అట్టలు అంటించి ఉన్నాయి. చప్పుడు ఆగిపోయింది. కప్పల అరుపూ ఆగిపోయింది.

"ఎవరమ్మా లోపల?"

అట్ట వెనకనుంచి చిన్నపిల్ల గొంతు వచ్చింది.

"మామ్మా, ఇక్కడ బస్సెక్కితే సోంపేట ఎంతసేపు?"

చిన్నమ్మికి అర్థమైంది. ఇంటిపనికని ఏ విమానంలో నిద్రపుచ్చి తెచ్చారో గాని, మధ్యలో సముద్రం ఉందని కూడా ఈ పిల్లకి తెలియదు. ఓడ కదులుతుంటే రేవులో ఏడ్చేవాళ్లని చిన్నమ్మి ఎంతమందినో చూసింది. ఈ పిల్లకి ఆ ఏడుపు కూడా దక్కనివ్వలేదు.

చిన్నమ్మి వెనక తలుపు తాళం మీదికి బండ ఎత్తింది.

"నిన్ను సోంపేట నేను పంపిస్తానమ్మా. తలుపుకి దూరంగా జరుగు."

లోపల ఇంకో మూలనుంచి, ఇంకా చిన్న గొంతు.

"మరి పార్వతీపురం?"