గోడ మీద రెండు అంచులు

"సాదాగుంది బిడ్డా," అన్నాడు కురుమూర్తి, సంఘం కోసం రుక్సార్ చేసి, ప్రొజెక్టర్‌తో గోడ మీద చూపిస్తున్న వెబ్‌సైటు నమూనాను చూస్తూ. "చీరె లెక్క లేదు, తువ్వాల లెక్కుంది."

గద్వాల నేతగాళ్ళ సంఘం గదిలో కమిటీ పెద్దలు పకపకా నవ్వారు. రుక్సార్ మాత్రం నవ్వలేదు.

"మన సిగ్నల్‌కు జల్ది తెరుచుకోవాలెనని గట్ల చేసిన కాకా. ఫొటోలు, ధరలు గవే ఉంటయి. పైన తొడిగే రూపమే థీమ్. ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు."

"నడిమి బట్ట ఉంచి అంచు మార్చినట్టా?"

"అచ్చం అట్లనే."

"ముందెన్నడన్న చేసినవా?"

"పోయినేడు ఒక థీమ్ చేసి ఆన్‌లైన్ బజార్ల అమ్మకానికి పెట్టిన. ఒక్కరే కొన్నరు."

మళ్ళీ నవ్వులు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

కురుమూర్తికి మనసులో కలుక్కుమంది. ఆయనింట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టే కుల్సుమ్‌బీ కూతురు ఈ పిల్ల. మగ్గం పక్కనే కూర్చుని పెరిగింది. ప్రతి చీర అంచు మూలన ఆయన వేసే ఎర్ర పోగు ఎందుకని అడిగేది. "ఎవరు కట్టినా నేసింది నేనని చెప్తది," అనేవాడాయన. ఈ పని దక్కితే ఊళ్ళోనే సొంతంగా నిలబడుతుంది. దక్కకపోతే వచ్చే నెల పట్నంలో ఎవరి కిందో నౌకరీ. అయినా అధ్యక్షుడన్నాక జాలితో సంఘం పని ఇవ్వలేడు కదా.

అదే పనికి పోటీగా హైదరాబాద్ కంపెనీ నుంచి వచ్చిన రాఘవేందర్ తన నమూనా తెరిచాడు. గోడంతా కళకళలాడింది. పేజీకి రెండు పక్కలా కోట బురుజుల జరీ అంచు, అంచుకూ బట్టకూ మధ్య గద్వాల చీరలకు పేరు తెచ్చిన కుట్టు.

"మీకోసమే ప్రత్యేకంగా చేయించాం సార్. మా టీముకు మూడు నెలలు పట్టింది."

పొగడ్తల్లో పరమ పిసినారి అయిన కురుమూర్తి లేచి నిలబడ్డాడు. "వారెవ్వా! చేసినోళ్ళకు మగ్గం తెల్సు. గీ అంచు ఎవరు చేసిన్రో పని వాళ్ళకే. నా మాట!"

రాఘవేందర్ చేతులు జోడించాడు. రుక్సార్ మాత్రం నెమ్మదిగా అంది.

"కాకా, అంచు మూల చూడకుండ నువ్వు ఏ చీరెనన్న ఒప్పుకున్నవా?"

నిజమే. నలభై ఏళ్ళ అలవాటు. కురుమూర్తి గోడ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని వంగాడు. అంచు కింది మూలన ఆవగింజంత ఎర్ర చుక్క.

"అది ఏదో పొరపాటు సార్, తీయించేస్తాం," అన్నాడు రాఘవేందర్ కంగారుగా.

కురుమూర్తి చెయ్యి అడ్డం పెట్టాడు. "తీసుడు గాదు. దాన్ని నొక్కు."

రాఘవేందర్ నొక్కక తప్పలేదు.

గోడ మీద అక్షరాలు విచ్చుకున్నాయి: "నేసింది రుక్సార్, గద్వాల."