రెండు చెరువులు

"సూది వెయ్యకుండా జ్వరం ఎలా తగ్గుద్దండీ డాక్టరుగారూ?"

శేషారత్నం కుర్చీలోంచి లేవలేదు. పక్కనే కోడలు భవాని ఇద్దరు బిడ్డల్నీ ఒళ్ళో వేసుకుని డాక్టరు మొహమే చూస్తోంది. కవలలు. ఇంకా ఏడాది నిండలేదు. ఇద్దరికీ జ్వరం, దగ్గు.

ఏలూరులో పిల్లల డాక్టరు శాలిని ఇద్దరి డొక్కలూ చూసి, ఊపిరి విని, స్టెతస్కోపు మెడలో వేసుకుంది.

"వీళ్ళల్లో ఎవరు ఎవరండీ?" అంది నవ్వుతూ.

"నీలం చొక్కా పెద్దాడండీ, పసుపు చొక్కా చిన్నాడు. చొక్కాలు విప్పేస్తే వాళ్ళమ్మకి తప్ప మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అది సరేగానండీ, సూది?"

"ఇది వైరస్ జలుబండీ. దీనికి యాంటీబయాటిక్ సూది పని చెయ్యదు. జ్వరం మందు రాశాను, పాలు మానకుండా పట్టండి."

"పని చెయ్యదని మీకెలా తెలుసండీ?"

"నా సొంత మాట కాదండీ. ఇలాంటి జలుబే వచ్చిన పిల్లల్ని చాలామందిని రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకి ఆ మందు ఇచ్చారు, రెండో జట్టుకి ఇవ్వలేదు. అందరూ ఒకేలా కోలుకున్నారు. మందు పడ్డవాళ్ళకి విరేచనాలు మాత్రం ఎక్కువయ్యాయి."

"ఎక్కడి పిల్లలో ఏమో! కొల్లేటి నీళ్ళు తాగినవాళ్ళు కాదుగా."

భవాని బిడ్డల్ని ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఒకవేళ ముదిరితేనండీ?"

"డొక్కలు ఎగరేసినా, పాలు తాగకపోయినా, మగతగా పడున్నా ఆ క్షణమే తీసుకొచ్చెయ్యండి. భయపడకమ్మా, తగ్గుతుంది."

బస్సెక్కాక గానీ శేషారత్నానికి అసలు ఆలోచన రాలేదు.

"ఏవే భవానీ, ఆవిడ అంత చదువు చదివి చెప్పింది మీ ఆయన రోజూ చేసేదేనే! కొత్త మందు వస్తే ఒక చేపల చెరువులో చల్లి, పక్క చెరువు వదిలేస్తాడు కదా. చేప దేంట్లో బాగుంటే ఆ దారి పడతాడు. మనకీ ఇద్దరున్నారు. పెద్దాడికి మన వీధి చివర ఆరెంపీ డాక్టరు బాపిరాజుగారి చేత సూది వేయిద్దాం. చిన్నాడికి డాక్టరమ్మ మాటే. తేలిపోద్ది."

"పిల్లలు చెరువులా అత్తయ్యగారూ?"

"చెరువు మీదైతే లక్షలు పోతే పోనీ అనే చెయ్యట్లేదా? ఇది ఉత్త సూదేగా."

భవాని ఇద్దరినీ చెరో భుజాన వేసుకుని ఊరొచ్చేదాకా వీపులు నిమురుతూనే ఉంది. సూది వేయిస్తే పెద్దాడికి అన్యాయం చేసినట్టా, వేయించకపోతే చిన్నాడికి చేసినట్టా? ఎటు తిప్పి చూసినా ఒక బిడ్డ మిగిలిపోతున్నాడు.

మర్నాడు పొద్దున్నే చిన్నాడు దగ్గి దగ్గి తాగిన పాలన్నీ కక్కేశాడు. భవాని వాడికి కొత్త డైపరు తొడిగి, దండెం మీద ఆరిన చొక్కా పెద్దాడి నీలం చొక్కా ఒక్కటే ఉంటే అదే వేసింది. బనీనుతో నిద్రపోతున్న పెద్దాడి పక్కన పడుకోబెట్టి, కక్కిన బట్టలు పట్టుకుని పెరట్లోకి నడిచింది.

బట్టలు ఉతికి ఆరేసి తిరిగొచ్చేసరికి శేషారత్నం గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. బిడ్డలిద్దరూ మంచం మీదే ఉన్నారు.

"పెద్దాడికి వేయించేశానే. బాపిరాజుగారిది ఎంత తేలిక చెయ్యనుకున్నావ్! ఒక్క కేక పెట్టి ఊరుకున్నాడు."

భవాని చేతిలో బకెట్టు దబ్బున కింద పెట్టింది. "నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?"

"చెబితే పడనిస్తావా?"

సూది ఎక్కడ గుచ్చారో చూడ్డానికి కూడా ఆమెకి మనసొప్పలేదు. ఇద్దరికీ డాక్టరమ్మ రాసిన జ్వరం మందు పట్టింది. ఎండెక్కాక, ఆరిన బట్టలు తెచ్చి చెమట పట్టిన మెడలు, వీపులు తుడిచి, ఎవరి చొక్కా వాళ్ళకి తొడిగింది.

మధ్యాహ్నానికి పెద్దాడు పాకుతూ వెళ్ళి నాయనమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకు లాగాడు. ఒళ్ళు చల్లగా ఉంది. చిన్నాడు మాత్రం ఇంకా వెచ్చగా, తల్లి భుజం మీంచి దిగకుండా సణుగుతున్నాడు.

"చూశావా! చూశావా!" శేషారత్నం పెద్దాడిని ఎత్తుకుని పక్కింటి పాపాయమ్మకి కూడా చూపించింది. "సూది పడ్డవాడు ఆడుకుంటున్నాడు. పడనివాడు అలా వేలాడిపోతున్నాడు. ఇంకా ఏం రుజువు కావాలే నీకు?"

భవాని చిన్నాడి డొక్కల వంక చూసింది. ఎగరెయ్యడం లేదు. పాలు తాగాడు. అయినా ఆడుతున్న బిడ్డ ఎదురుగా కనబడుతుంటే డాక్టరమ్మ చెప్పిన ఎవరో పిల్లల మాట ఎంతసేపు గుర్తుంటుంది? తన పంతానికి వీడు పొద్దుటినుంచీ జ్వరంతో మాడుతున్నాడనిపించింది.

"పదండి అత్తయ్యగారూ" అంది. "వీడికీ వేయించేద్దాం."

పెద్దాడిని పాపాయమ్మకి అప్పగించి ఇద్దరూ వీధి చివరికి నడిచారు. ముందు గదిలో బాపిరాజు ఒక్కడే ఉన్నాడు.

"పొద్దున పెద్దాడికి వేసిందే వెయ్యండి బాపిరాజుగారూ" అంది శేషారత్నం లోపలికి అడుగు పెడుతూనే. "అమృతంలా పని చేసిందండీ!"

"మన మందు సంగతి మీకు నేను చెప్పాలేంటమ్మా!" బాపిరాజు మురిసిపోతూ సిరంజిలోకి మందు లాగాడు. "డైపరు కాస్త విప్పమ్మా."

భవాని బిడ్డని ఒళ్ళో బోర్లా వేసుకుని, కళ్ళు తుడుచుకుని, డైపరు పక్కకి లాగింది.

చిన్నాడి పిర్ర మీద, పొద్దున బాపిరాజు అంటించిన ప్లాస్టరు ఇంకా ఊడిపోకుండా ఉంది.